ముప్పై సెకన్ల వంటిల్లు: తిండి ప్రకటనలు ఎవరిచేత వండిస్తున్నాయి?

తెలుగు టీవీలో వచ్చే తిండి ప్రకటనల్లో సరుకు మారుతుంది గానీ ఇల్లు మారదు. పొయ్యి దగ్గర అమ్మ, భోజనాల బల్ల దగ్గర పిల్లాడు, ఆఫీసుకు తయారై వచ్చి కూర్చునే నాన్న, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని తీర్పు చెప్పే అత్తగారో మామగారో. నూనె అమ్మినా, కారం అమ్మినా, పాలలో కలిపే పొడి అమ్మినా ఈ నలుగురూ ఎవరి చోట వాళ్ళే ఉంటారు. హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైంది. 1995లో జెమినీ, ఈటీవీ వచ్చాయి. ఆ తర్వాత కేబుల్ తీగ ఊళ్ళకు పాకడంతో, హాలియా నుంచి నాగార్జునసాగర్ వెళ్ళే దారి మీదున్న మా పెద్దవూర లాంటి మండల కేంద్రాలకూ ఈ ఇల్లు చేరింది. ఇప్పుడది ప్రతి ఒక్కరి ఫోనులోనూ ఉంది.

ఈ ప్రకటనల మీద మన దగ్గర రెండు చర్చలు వేర్వేరుగా నడుస్తుంటాయి. ప్రకటన జనాన్ని ఎలా ఒప్పిస్తుందన్నది వ్యాపారం చదివినవాళ్ళ చర్చ. అందులో ఆడవాళ్ళను ఎలా చూపిస్తున్నారన్నది స్త్రీవాదుల చర్చ. రెండు వైపులా వచ్చిన పరిశీలనలను పక్కపక్కన పెట్టి చదివితే, ఇవి ఒకే చర్చ అని నాకు గట్టిగా అనిపిస్తోంది. తిండి ప్రకటనలో ఒప్పించే పని చేస్తున్నది మూసపాత్రే. ముందు ఇంటి చాకిరీకి ప్రేమ అని పేరు పెడతారు. ఆ ప్రేమలో ఏదైనా లోటు ఉందేమోనన్న బెంగ రేపుతారు. ఆ బెంగకు మందుగా సరుకు చూపిస్తారు. ఈ మూడు మెట్లూ నిలబడాలంటే వంటింట్లో ఆడమనిషి ఒంటరిగా ఉండి తీరాలి.

ఒప్పించే దారులు

ఒప్పించే విద్యను మొదట పద్ధతిగా విడమర్చి చెప్పినవాడు గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్. చెప్పేవాడి మీద గురి, వినేవాడి గుండెలో కదలిక, మాటలోని తర్కం అనే మూడింటితో మనిషి ఒప్పుకుంటాడని ఆయన విశ్లేషణ. 1957లో అమెరికన్ రచయిత వాన్స్ ప్యాకర్డ్ ‘ది హిడెన్ పర్స్యుయేడర్స్’ పుస్తకంలో, ప్రకటనల పరిశ్రమ మనస్తత్వ శాస్త్రాన్ని అద్దెకు తెచ్చుకుని జనం లోపలి భయాలను, కోరికలను ఎలా వాడుకుంటోందో బయటపెట్టాడు. 1984లో మనస్తత్వవేత్త రాబర్ట్ చాల్డీని ‘ఇన్‌ఫ్లుయెన్స్’లో ఆరు సూత్రాలు చెప్పాడు: ఇచ్చిపుచ్చుకోవడం, అన్నమాటకు కట్టుబడటం, నలుగురినీ చూసి నడవడం, పెద్దల మాట, ఇష్టం, దొరకదేమోనన్న ఆత్రం.

ఈ సూత్రాలు మన తిండి ప్రకటనల్లో దాదాపు అన్నీ కనిపిస్తాయి. తెల్లకోటు వేసుకున్న మనిషి వచ్చి గుండె బొమ్మ చూపిస్తే అది పెద్దల మాట. పక్కింటామె వచ్చి ‘నువ్వింకా ఆ పాత నూనే వాడుతున్నావా’ అని అడిగితే అది నలుగురినీ చూసి నడవడం. సినిమా తార వచ్చి గరిటె పట్టుకుంటే అది ఇష్టం. వేడి అన్నం మీద నెయ్యి కరుగుతూ ఆవిరి లేస్తుంటే అక్కడ తర్కానికి చోటే ఉండదు, నోట్లో నీళ్ళూరుతాయి. పాట, పల్లవి, అదే మాట పదిసార్లు వినిపించడం సరేసరి.

అయితే ఇవన్నీ సబ్బుకూ, సిమెంటుకూ కూడా పనికొస్తాయి. తిండికి ప్రత్యేకమైన అస్త్రం వేరే ఉంది. అన్నం పెట్టడం మన మనసుల్లో వాత్సల్యానికి గుర్తు. ఆకలి తీర్చిన చేతిని మనిషి మర్చిపోడు. ప్రకటన ఆ కృతజ్ఞతను ఒక ప్యాకెట్టు మీదకు మళ్ళిస్తుంది. మళ్ళించాలంటే చెయ్యి అమ్మదే కావాలి, రుచి మాత్రం కంపెనీది కావాలి. 1980లో మొదలైన ప్రియా పచ్చళ్ళ నుంచి నిన్నమొన్న ఊరూరా వెలసిన స్వగృహ దుకాణాల దాకా ‘ఇంటి రుచి’, ‘అమ్మ చేతి వంట’ అన్న ధోరణే తెలుగు తిండి వ్యాపారానికి పెద్ద పెట్టుబడి. ఫ్యాక్టరీలో యంత్రం కలిపిన పచ్చడికీ అమ్మ పేరు తగిలించాల్సి రావడంలోనే ఆ పేరుకున్న విలువ తెలుస్తుంది. ఆ విలువలో అమ్మ వాటా ఎంత అన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేయరు.

ఒక ప్రకటనను దగ్గరగా చూస్తే

1990ల నడుమ టీవీ చూసినవాళ్ళెవరూ ధారా నూనె జిలేబీ ప్రకటనను మర్చిపోలేరు. జాతీయ పాడిపరిశ్రమాభివృద్ధి సంస్థ 1988లో తెచ్చిన నూనె అది. ప్రకటన హిందీదే అయినా దేశమంతా చూసింది. ఇంట్లోవాళ్ళ మీద అలిగిన చిన్న పిల్లాడు రైల్వే స్టేషన్లో ఒంటరిగా కూర్చుని ఉంటాడు. ఇంటికి తెలిసిన పెద్దాయన చూసి పలకరిస్తాడు. పిల్లాడు ఇల్లు వదిలి పోతున్నానంటాడు. ఇంట్లో అమ్మ వేడివేడి జిలేబీలు చేస్తోందని ఆయన చెప్పగానే ఆ కళ్ళు పెద్దవవుతాయి. అలక కరిగిపోతుంది. పెద్దాయన వాణ్ణి ఇంటికి చేరుస్తాడు.

ఇందులో ఎవరినీ కించపరచలేదు. మాట పొందిక, పిల్లాడి ముఖం, నిడివి, అన్నీ చక్కగా కుదిరాయి. అందుకే దీన్ని ఉదాహరణగా తీసుకుంటున్నాను. ఒప్పించే పని ఎక్కడ జరిగిందో చూడండి. నూనె నాణ్యత గురించి వాదన ఏమీ లేదు. బెంగ ఒకటి పుట్టింది: బిడ్డ ఇల్లు వదిలి పోతున్నాడు. ఆ బెంగను తీర్చింది అమ్మ చేసిన తీపి. కోపం వచ్చే హక్కు, గడప దాటే హక్కు మగపిల్లాడివి. దారిలో దొరికి నచ్చజెప్పే పెద్దరికం మగవాడిది. ఇల్లు చెదిరిపోకుండా పట్టి ఉంచే బాధ్యత మాత్రం మూకుడు ముందు నిలబడ్డ అమ్మది. ఆమెకు కోపం వచ్చిందా, ఆమె ఎప్పుడైనా స్టేషన్ దాకా పోవాలనుకుందా అని అడగడానికి కథలో చోటే లేదు. చూసినవాళ్ళకు మిగిలేది తీపి అనుభూతి. దానితో పాటే, అలిగినవాళ్ళను వంటతో దారికి తేవడం అమ్మ పని అన్న పాఠమూ మిగులుతుంది.

మూసపాత్ర అంటే తిట్టు అనుకోవడం వల్ల ఇలాంటివి మన కంటపడవు. పొగడ్తలో దాగిన మూస బలమైనది, ఎందుకంటే దాన్ని కాదనడానికి నోరు రాదు. అమ్మను దేవతను చేసినప్పుడు, దేవతకు అలసట ఉంటుందని ఎవరికీ తోచదు.

అమ్మకు పెట్టే పరీక్ష

ప్రేమ తర్వాతి మెట్టు భయం. పాలలో కలిపే పొడుల ప్రకటనలు దీనికి నిదర్శనం. మన పల్లెల్లో ఆసుపత్రిలో ఉన్నవాళ్ళను చూడటానికి వెళ్తూ హార్లిక్స్ సీసా పట్టుకుపోవడం ఎన్నో ఏళ్ళ మర్యాద. ఆ పొడి తయారయ్యే ఫ్యాక్టరీ ఒకటి రాజమండ్రి దగ్గర ధవళేశ్వరంలో ఉంది. రోగుల బలానికని ఇళ్ళలోకి వచ్చిన సరుకు, టీవీ కాలంలో పిల్లల చదువుకూ ఎత్తుకూ మందుగా మారింది. పక్కింటి పిల్లాడు పొడుగ్గా ఉన్నాడు, మీవాడు ఎందుకు లేడు? పరీక్షలు దగ్గర పడ్డాయి, మీవాడికి శక్తి సరిపోతోందా? ఈ ప్రశ్నలన్నీ తల్లినే అడుగుతారు. తండ్రి ఆ గదిలోనే పేపరు చదువుకుంటున్నా అతణ్ణి ఎవరూ అడగరు.

నూనెల్లోనూ ఇదే వరస. గుండె పేరు చెప్పి అమ్మే సఫోలా ప్రకటనలు చాలాకాలం భర్త గుండెను భార్య చేతిలో పెట్టాయి. అతను మెట్లెక్కితే ఆయాసపడతాడు, ఆమె ముఖంలో దిగులు, తర్వాత షాటులో నూనె డబ్బా. అతని తిండికి, అతని నడకకు, అతని వైద్య పరీక్షలకు అతను జవాబుదారీ కాదన్నమాట.

బూస్ట్ ప్రకటనల్లో కపిల్ దేవ్, తర్వాత సచిన్ తెందూల్కర్ పక్కన బలం కోరుకునే పిల్లవాడు కనిపించాడు. కాంప్లాన్ ఆ రోజుల్లోనే అబ్బాయినీ అమ్మాయినీ పక్కపక్కన నిలబెట్టి, ఇద్దరినీ సమానంగా, గర్వంగా చూపించింది. చెప్పుకోదగ్గ తేడా అది. బోర్న్‌విటా కొంతకాలం కొడుకుతో పాటు పరుగెత్తి, వాణ్ణి గెలుపుకు సిద్ధం చేసే తల్లిని చూపించింది. వడ్డించే తల్లి శిక్షకురాలైంది, మంచిదే. కానీ ఆమె పరుగంతా కొడుకు గెలుపు కోసమే. ఆమెకంటూ ఒక పందెం ఉన్నట్టు కథ చెప్పదు.

ఆ పొడుల గొప్పల మీద ప్రభుత్వం ఈ మధ్య గట్టిగానే కదిలింది. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ, ఇలాంటి పానీయాలను ‘హెల్త్ డ్రింక్స్’ వర్గం కింద చూపవద్దని ఆన్‌లైన్ అమ్మకం కంపెనీలకు సూచించింది. సరుకు మీద ఉన్న మాట ఆ విధంగా మారింది. తల్లి మీద మోపిన నింద మాత్రం ఏ సూచనతోనూ పోలేదు.

మగవాడికి వేరే రుచి

ఆడవాళ్ళ మూస గురించి మాట్లాడి మగవాళ్ళ మూసను వదిలేస్తే సమీక్ష సగమే అవుతుంది. వంటింటి బయట, కూల్‌డ్రింకుల లోకంలో కథానాయకుడు మగవాడే. 1977లో పుట్టిన థమ్సప్‌కు తెలుగులో చిరంజీవి, మహేశ్ బాబు, ఆ తర్వాత విజయ్ దేవరకొండ ప్రచారం చేశారు. సీసా కోసం భవనాల మీంచి దూకడం, వాహనాలతో విన్యాసాలు చేయడం ఆ పానీయానికి గుర్తయ్యాయి. మౌంటెన్ డ్యూ కూడా భయాన్ని జయించే మగతనం మీదే నిలబడింది. తిండి ప్రకటనలో ఆడమనిషి ఇతరుల కోసం వండుతుంది. అతను తన కోసం, తన దాహం కోసం లోయ దాటుతాడు. తన ఆకలిని తానే ముందుపెట్టుకునే ఆడమనిషి మన ప్రకటనల్లో అరుదు.

మగవాడు వంటింట్లోకి వస్తే ఏమవుతుంది? అమెరికాలో స్థిరపడ్డ కెనడా సామాజిక శాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్‌మన్ 1979లో పుస్తకంగా తెచ్చిన ‘జెండర్ అడ్వర్టైజ్‌మెంట్స్’లో దీన్ని సూటిగా పట్టుకున్నాడు. వంటిల్లు, పిల్లల గది లాంటి చోట్ల మగవాణ్ణి చూపాల్సి వస్తే, ప్రకటనలు అతన్ని ఏ పనీ చేయకుండా నిలబెడతాయి, లేదా చేతకాని చిన్నపిల్లాడిలా చూపుతాయి, లేదా ఆడమనిషి పర్యవేక్షణలో ఉంచుతాయి. ముఖానికి అంటిన పిండి, మాడిన రొట్టె, పక్కన నవ్వుతున్న భార్య. ఈ దృశ్యం నవ్విస్తూనే ఒక తీర్పు చెబుతుంది: ఇది నీ పని కాదు, నీకు రాదు, మళ్ళీ ప్రయత్నించకు.

ఈ తీర్పుకు నియమం పెట్టి అడ్డుపడిన దేశాల్లో బ్రిటన్ ఒకటి. అక్కడి ప్రకటనల నియంత్రణ సంస్థ, హాని చేసే లింగ మూసలను నిషేధించే నియమాన్ని 2019 జూన్‌లో అమల్లోకి తెచ్చింది. ఆ నియమం కింద ఆగస్టులో మొదటగా ఆగిపోయిన రెండు ప్రకటనల్లో ఒకటి తిండి ప్రకటనే. ఫిలడెల్ఫియా అనే చీజ్ కోసం తీసిన ఆ ప్రకటనలో, తిండి ధ్యాసలో పడిన ఇద్దరు తండ్రులు పసిపిల్లలను హోటల్లో వంటకాలు కదిలే పట్టీ మీద వదిలేస్తారు. నవ్వించడానికే తీశామని కంపెనీ వాదించింది. పిల్లల్ని చూసుకోవడం మగవాళ్ళకు చేతకాదన్న భావనను అది బలపరుస్తోందని సంస్థ తేల్చింది. మగవాణ్ణి చేతకానివాడిగా చూపితే ఆ భారం తిరిగి ఆడమనిషి నెత్తికే వస్తుంది. ఈ లంకెను అర్థం చేసుకున్న తీర్పు అది.

అద్దమా, అచ్చా?

‘సమాజంలో ఉన్నదే చూపిస్తున్నాం, మేం పుట్టించామా’ అన్నది పరిశ్రమ జవాబు. ప్రకటన సమాజానికి అద్దమా, లేక మనుషుల్ని పోతపోసే అచ్చా? పరిశోధకులు అర్ధ శతాబ్దంగా తేల్చుకోవాలని చూస్తున్న ప్రశ్న ఇదే.

1975లో మెకార్థర్, రెస్కో అనే ఇద్దరు పరిశోధకులు అమెరికన్ టీవీ ప్రకటనలను లెక్కగట్టి చూశారు. మగవాళ్ళు సరుకు గురించి తెలిసిన అధికారులుగా, ఆడవాళ్ళు వాడేవాళ్ళుగా కనిపించారు. ఆ పద్ధతిని ఎన్నో దేశాల్లో మళ్ళీ వాడారు. ఐదు ఖండాల్లో పాతికేళ్ళలో జరిగిన 14 అధ్యయనాలను ఏడ్రియన్ ఫర్నమ్, మాక్ 1999లో పోల్చి చూస్తే, దేశాలు వేరైనా ఈ ధోరణి చాలావరకు కనబడింది. మన దేశంలో 2019లో వచ్చిన వెయ్యికి పైగా టీవీ, యూట్యూబ్ ప్రకటనలను యునిసెఫ్, జీనా డేవిస్ సంస్థ కలిసి పరిశీలించి 2021లో నివేదిక ఇచ్చాయి. తెర మీద కనబడే సమయం, మాట్లాడే సమయం ఆడవాళ్ళకే ఎక్కువని అందులో తేలింది. కానీ వాళ్ళు మగవాళ్ళకంటే ఎక్కువగా కనిపించింది సరుకులు కొంటూ, ఇల్లు శుభ్రం చేస్తూ, భోజనం సిద్ధం చేస్తూ. భవిష్యత్తు గురించి నిర్ణయాలు తీసుకుంటూ ఎక్కువగా కనిపించింది మగవాళ్ళు. ఎక్కువసేపు కనిపించడాన్ని గౌరవంగా లెక్కవేయకూడదని ఈ నివేదిక నేర్పుతుంది.

అచ్చు వాదానికి రెండు ప్రయోగాలు ముఖ్యమైనవి. 1980లో జెన్నింగ్స్, గైస్, బ్రౌన్ అమెరికాలో కాలేజీ అమ్మాయిలకు ప్రకటనల నమూనాలు చూపించారు. కొందరికి ఆడవాళ్ళు సేవ చేసే మామూలు ప్రకటనలు, కొందరికి పాత్రలు తారుమారు చేసినవి, అంటే భోజనం వడ్డించేది మగవాడైనవి. తారుమారైనవి చూసిన అమ్మాయిలు సొంత అభిప్రాయం మీద ఎక్కువ నిలబడ్డారు, మాట్లాడేటప్పుడు ఎక్కువ ధీమాగా ఉన్నారు. 2002లో పాల్ డేవిస్ బృందం చూపించిన ప్రకటనల్లో కేకు పొడి కోసం ఉబ్బితబ్బిబ్బయ్యే ఆడమనిషి ఉన్నదొకటి. అలాంటివి చూసిన అమ్మాయిలు తర్వాత లెక్కల పరీక్షలో వెనకబడ్డారు. ఈ తరహా ప్రయోగాల ఫలితాలు తర్వాతి కాలంలో అన్నిచోట్లా అదే బలంతో తిరిగి రాలేదు కాబట్టి, ఒక్క ప్రకటన చూస్తే జీవితం మారిపోతుందని అనడం సరికాదు.

అద్దం వాదానికీ ఆధారముంది. జర్మన్ పరిశోధకుడు మార్టిన్ ఐజెండ్ 2010లో 64 అధ్యయనాలను గుదిగుచ్చి చూస్తే, సమాజంలో ఆడవాళ్ళ స్థితి ముందు మారి, ప్రకటనలు ఆ తర్వాత మారుతున్నాయని తేలింది. ఇది అద్దం పక్షానికి బలమే. కానీ ప్రకటన సమాజం కంటే వెనకబడి నడుస్తోందన్న సాక్ష్యం కూడా ఇదే. వెనకబడ్డ అద్దం ఇవాళ్టి ముఖం చూపదు. రోజుకు పదిసార్లు పాత ముఖమే చూపిస్తుంటే, అదే సహజమన్న భావన స్థిరపడుతుంది. అద్దమా, అచ్చా అన్న ప్రశ్నకు నా జవాబు ఇదే: ఆలస్యంగా చూపే అద్దం అచ్చు పని చేస్తుంది.

ఇంట్లో నిజంగా ఉన్నదేమిటో కేంద్ర గణాంక శాఖ లెక్కల్లో ఉంది. 2024 కాల వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసేవారిలో ఆడవాళ్ళు రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు జీతం లేని ఇంటిపనికి పెడుతున్నారు. 2019 సర్వేలో ఇవి 299, 97. ప్రకటనలో 30 సెకన్లలో తెమిలే వంట వెనక ఇన్ని గంటలున్నాయి. పప్పు ఏరడం, గిన్నెలు తోమడం, పొయ్యి గట్టు తుడవడం, రేపటికి ఏముందో చూసుకోవడం ఏ ప్రకటనలోనూ కనబడవు. నిజంగా అద్దమే అయితే అవీ కనబడాలి.

మారినవి, మారినట్టున్నవి

గత పదేళ్ళకు పైగా మార్పు వస్తోంది. దాన్ని గుర్తించాలి, తూచి చూడాలి కూడా.

1990ల నాటి క్యాడ్‌బరీ డెయిరీ మిల్క్ ప్రకటనలో క్రికెట్ ఆటగాడు సిక్సర్ కొట్టగానే, చాక్లెట్ తింటున్న అమ్మాయి కాపలావాణ్ణి తప్పించుకుని మైదానంలోకి చిందులేస్తూ వస్తుంది. 2021 సెప్టెంబరులో అదే ప్రకటనను తిరగేసి తీశారు. ఈసారి సిక్సర్ కొట్టింది అమ్మాయి, ఆనందంతో చిందులేస్తూ వచ్చింది అబ్బాయి. అదే పాట, అదే చాక్లెట్. పాత్రలు మాత్రమే తారుమారయ్యాయి, అయినా కథ చక్కగా నిలబడింది. మూస లేకపోతే సరుకు అమ్ముడుపోదన్న భయానికి దీనికంటే మంచి సమాధానం లేదు. పాత ప్రకటనలో అమ్మాయి తన కోసం చాక్లెట్ తినడం, తన ఆనందాన్ని దాచుకోకపోవడం కూడా అప్పటికి కొత్తే.

అన్ని మార్పులూ ఇంత నిండైనవి కావు. 2014లో ఎయిర్‌టెల్ తెచ్చిన ప్రకటనలో ఆఫీసులో భార్య పైఅధికారి, భర్త ఆమె కింద ఉద్యోగి. అతనికి పని అప్పజెప్పి ఆమె ఇంటికి వెళ్తుంది. వెళ్ళి, అతని కోసం వండి, ఫోనులో వంటలు చూపించి రమ్మంటుంది. అది ఫోను ప్రకటనే గానీ కథ తిరిగింది వంట చుట్టూనే. ఆఫీసులో ఆమె హోదా మారింది, ఇంట్లో పని మారలేదు. ఉద్యోగం చేసే మన ఆడవాళ్ళకు ఆ రెండో డ్యూటీ బాగా తెలుసు. ప్రకటన దాన్ని తప్పుబట్టకపోగా ముచ్చటగా చూపించింది.

అదే ఏడాది హావెల్స్ ఇంటి పరికరాల ప్రకటనలు వేరే దారి తొక్కాయి. కాఫీ కలపడానికీ, బట్టలు ఇస్త్రీ చేయడానికీ భార్యను పరికరంలా చూసేవాళ్ళ చేతికి అసలు పరికరాన్నే అందించాయి. ప్రెస్టీజ్ కుక్కరు ఒక తరంపాటు భార్య మీద ప్రేమకు గుర్తుగా కుక్కరు కొనమని మగవాళ్ళకు చెప్పింది. ఆ కుక్కరులో వండాల్సింది మళ్ళీ ఆవిడే. ఈ రెండు ధోరణుల మధ్య దూరం చిన్నది కాదు.

ఆడ-మగ తేడాతో పాటు పేద-ధనిక తేడా కలిసిన ప్రకటననూ చూశాం. 2020 మేలో, కరోనా కాలంలో, కెంట్ కంపెనీ పిండి కలిపే యంత్రం ప్రకటన పనిమనిషి చేతులకు అంటు ఉండొచ్చని సూచించింది. నిరసన రావడంతో కంపెనీ క్షమాపణ చెప్పి ప్రకటనను వెనక్కి తీసుకుంది. ఒక ఆడమనిషిని భయపెట్టి సరుకు అమ్మడానికి ఇంకో ఆడమనిషిని మురికిగా చూపడం ఇది. అమెరికాలో ఆంట్ జెమైమా అట్ల పిండి ప్యాకెట్టు 1889 నుంచి నల్లజాతి వంటమనిషి బొమ్మను నవ్వుతూ సేవ చేసే మనిషిగా అమ్ముకుని, 2020లో గానీ ఆ పేరు వదులుకోవడానికి సిద్ధపడలేదు. వంటింట్లో ఎవరుంటారన్న ప్రశ్నకు కులం, వర్గం, రంగు కూడా జవాబు చెబుతాయి.

మన తెలుగు ప్రకటనల్లో యాస సంగతి ఈ కోవలోదే. దేశమంతటికీ తీసిన ప్రకటనకు తెలుగు గొంతు అతికించినప్పుడు అమ్మ మాట్లాడేది పుస్తకాల భాషకు దగ్గరి తెలుగు. తెలంగాణ యాస, రాయలసీమ యాస చాలాసార్లు పనిమనిషికో, నవ్వించే పాత్రకో దక్కుతుంటాయి. మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట ఇళ్ళలో వండి పెట్టే అమ్మలు మాట్లాడే భాషలో ఆ తెర అమ్మ పలకదు. మంచి అమ్మ ఎలా ఉంటుందో నేర్పుతూ, ఆ మంచితనం నీ భాషలో లేదని కూడా ప్రకటన చెబుతోంది.

నియమాలు ఏమంటున్నాయి

నియమాలకు కొదవ లేదు. స్త్రీల అసభ్య చిత్రణను నిషేధించే చట్టం 1986లోనే వచ్చింది. కానీ వంటింటి మూస అసభ్యం కిందకు రాదు. దానికి దగ్గరగా వచ్చేది 1994 నాటి కేబుల్ టెలివిజన్ నియమాల్లోని ఏడో నియమం. ఆడవాళ్ళను అణిగిమణిగి ఉండేవాళ్ళుగా చూపి, కుటుంబంలోనూ సమాజంలోనూ రెండో స్థానంలో ఉండటాన్ని ప్రోత్సహించే ప్రకటన ఉండకూడదని అది చెబుతుంది. ముప్పై ఏళ్ళ కిందటే ఇంత స్పష్టంగా రాసుకున్న మాటను అక్షరాలా అమలు చేస్తే చాలా నూనె, మసాలా ప్రకటనలు నిలవవు.

1985లో ఏర్పడిన ప్రకటనల ప్రమాణాల మండలి పరిశ్రమ తనకు తాను పెట్టుకున్న సంస్థ. 2021 అక్టోబరులో ‘జెండర్‌నెక్స్ట్’ నివేదిక తెచ్చింది. 2022 జూన్‌లో లింగ మూసల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. ఆడమనిషి ఇల్లు సర్దడం చూపవచ్చు గానీ ఆ పని ఆమె ఒక్కదానిదే అన్నట్టు ఉండకూడదన్నది దాని సారం. ఆఫీసు నుంచి వచ్చిన ఆడమనిషి ఒక్కతే పని చేస్తుంటే మిగతావాళ్ళు తీరిగ్గా కూర్చున్నట్టు చూపకూడదని ఉదాహరణ కూడా ఇచ్చింది. అదే నెలలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ తప్పుదారి పట్టించే ప్రకటనల మీద మార్గదర్శకాలు తెచ్చి, పిల్లల తెలివీ బలమూ పెరుగుతాయని ఆధారం లేకుండా చెప్పడాన్ని కట్టడి చేసింది. కాగితం మీద ఇవి మంచి నియమాలు. ఫిర్యాదు చేసేవాళ్ళు లేకపోతే కాగితం మీదే ఉండిపోతాయి. ఫిర్యాదు రావాలంటే, చూసేవాళ్ళకు అది ఫిర్యాదు చేయదగిన విషయమని ముందు తోచాలి.

పెద్దవూర నుంచి చూస్తే

సాగర్ ఎడమకాలువ ఆయకట్టులో, 1967లో నీళ్ళు వదిలిన నాటి నుంచి, వరి మా ప్రాంతం బతుకుదెరువు. మిర్యాలగూడ రైసుమిల్లుల నుంచి బియ్యం దేశం నలుమూలలకూ పోతుంది. ఆ వరి నాటే చేతులు ఆడవాళ్ళవి. నడుం వంచి బురదలో నాట్లేసేది, కలుపు తీసేది వాళ్ళే. తెల్లారకముందే లేచి వండి, సద్ది కట్టుకుని, కైకిలికి పోయి, పొద్దుగూకినాక వచ్చి మళ్ళీ పొయ్యి ముట్టించే మనిషి ఏ బియ్యం ప్రకటనలోనూ కనిపించదు. ప్రకటనలో అన్నం పొలం నుంచి రాదు, నిగనిగలాడే వంటింటి నుంచి వస్తుంది. పంట పండించిన ఆడమనిషి మాయమై, వడ్డించే ఆడమనిషి మిగులుతుంది.

ఇంకో సంగతి ఇక్కడ కళ్ళకు కట్టినట్టు కనబడుతుంది. పెళ్ళిళ్ళలో, హోటళ్ళలో, దాబాల్లో డబ్బులిచ్చి చేయించుకునే వంటకు ఎక్కువగా మగవాళ్ళే మాస్టర్లు. గంజుల కొద్దీ అన్నం వార్చే ఆ చేతులు ఇంట్లో కూర కలపవు. బడిలో మధ్యాహ్న భోజనం వండేది మాత్రం ఆడవాళ్ళు, వాళ్ళకు అందేది జీతం కాదు, గౌరవ వేతనం. వంట ఆడవాళ్ళ స్వభావం అన్న మాట నిజమైతే మాస్టర్లంతా మగవాళ్ళెలా అయ్యారు? డబ్బు వచ్చే వంట ఉద్యోగమైంది, రాని వంట ప్రేమైంది. ప్రకటన అమ్మేది ఆ రెండో వంటను.

ఈ లెక్కను సరిచేసే ప్రయత్నాలూ మన మధ్యే ఉన్నాయి. తెలంగాణలో 2024లో మొదలైన ఇందిరా మహిళా శక్తి క్యాంటీన్లను స్వయం సహాయక సంఘాల ఆడవాళ్ళు నడుపుతున్నారు. అక్కడ వంటకు ధర ఉంది, లెక్క ఉంది, లాభం ఉంది. తెలుగు స్త్రీవాద సాహిత్యమైతే ఈ ప్రశ్నను ఎప్పుడో వేసింది. విమల ‘వంటిల్లు’ కవిత, 1993 నాటి ‘నీలిమేఘాలు’ సంకలనం వంటింటిని పొగిడే అలవాటును నిలదీశాయి. సాహిత్యం మూడు దశాబ్దాల కిందట అడిగిన ప్రశ్నను టీవీ ప్రకటన ఇప్పుడిప్పుడే వింటోంది.

చూసేవాళ్ళ చేతిలో ఉన్నది

తిండి ప్రకటన మీద తీర్పు చెప్పడానికి ‘ఇందులో ఆడవాళ్ళను అవమానించారా’ అన్న ఒక్క ప్రశ్న చాలదు. ధారా జిలేబీ ఆ పరీక్షలో సునాయాసంగా నెగ్గుతుంది. అడగాల్సినవి ఇంకా ఉన్నాయి. వండేదెవరు, తినేదెవరు? రుచి బాగుందని తీర్పు చెప్పే అధికారం ఎవరిది? బెంగ ఎవరి ముఖంలో పెట్టారు? చివర్లో సరుకు గొప్ప చెప్పే గొంతు ఆడదా, మగదా? పాత్రలు తారుమారు చేస్తే కథ నిలబడుతుందా, నవ్వులపాలవుతుందా? వంట అయ్యాక గిన్నెలు ఎవరు కడిగారు?

ఈ ప్రశ్నలు వేయడానికి డిగ్రీ అక్కర్లేదు. ఎనిమిదో తరగతి పిల్లలు తెలుగు క్లాసులో వేయగలరు. పద్యానికి ప్రతిపదార్థం చెప్పించే బడికి, రోజూ ఇంట్లో చూసే ప్రకటనకు తాత్పర్యం చెప్పించడం పెద్ద పనేమీ కాదు. ప్రకటనను విప్పి చూడటం నేర్చుకున్న పిల్లవాడు రేపు ఇంట్లో కంచం తీసి కడిగితే అదే అసలైన ఫలితం. ప్రకటన తీసేవాళ్ళ మీద కూడా ఒక బాధ్యత ఉంది. వంటను ప్రేమ అనడం మానక్కర్లేదు. ఆ ప్రేమ చూపించే హక్కును నాన్నకూ, కొడుక్కూ పండగ పూటే కాక రోజూ ఇవ్వాలి. అందుకు అడ్డుగా ఉన్నది అమ్మకాలు పడిపోతాయన్న భయమైతే, ఆ భయానికి ఆధారం లేదని క్యాడ్‌బరీ చూపించింది. రోజుకు 289 నిమిషాలు పనిచేసే మనిషికి మరో పొగడ్త అక్కర్లేదు, ఆ పనిలో పాలు పంచుకునే మనిషి కావాలి. అలాంటి మనిషిని మామూలు మనిషిగా తెర మీద చూపించిన రోజు, ఆ ప్రకటన అమ్మే నూనెను మనం మనస్ఫూర్తిగా కొనవచ్చు.